పాత ల్యాప్‌టాప్‌లో డ్రైవర్లను తిరిగి ఎక్కించడం

పాఠం 14

14.0 ఉపోద్ఘాతం

కంప్యూటర్ డిస్కును పూర్తిగా తుడిచి, విండోస్‌ను కొత్తగా ఎక్కించడం ఎలాగో కిందటి పాఠంలో నేర్చుకున్నారు. దీనినే క్లీన్ ఇన్‌స్టాల్ అంటారని కూడా తెలుసుకున్నారు. అయితే విండోస్ ఎక్కడంతో పని పూర్తి కాదు. ఇంకా ఏం మిగిలి ఉంటుంది? ఒక ఉదాహరణ చూద్దాం.

ఢిల్లీ పక్కన, గాజియాబాద్ జిల్లాలోని ఇందిరాపురంలో ఉంటున్న ఒక అభ్యాసకురాలిని ఊహించుకోండి. భర్త పనికోసం శ్రీకాకుళం జిల్లా నుంచి అక్కడికి వెళ్లింది. ఎనిమిదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. ఇప్పుడు సార్వత్రిక విద్యలో పదో తరగతి చదువుతూ, డేటా ఎంట్రీ ఆపరేషన్స్‌ను ఒక సబ్జెక్టుగా తీసుకుంది. ఇంట్లో అభ్యాసం చేయాలంటే కంప్యూటర్ కావాలి. బట్టలు కుట్టి కూడబెట్టిన పదహారు వేల రూపాయలతో దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ మార్కెట్‌కు వెళ్లి, ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నది. దుకాణంలో తెర వెలిగింది, కీబోర్డు పనిచేసింది. అంతవరకే చూసింది. బిల్లు మీద పది రోజుల వారంటీ రాసి ఇచ్చారు.

ఇంటికి తెచ్చాక చూస్తే అందులో ఎవరివో ఫొటోలు, ఎవరివో ఫైళ్లు. ఆమె తమ్ముడు డిస్కును తుడిచి, విండోస్‌ను కొత్తగా ఎక్కించాడు. అప్పటినుంచి వైఫై కనిపించడం లేదు. పాట పెడితే శబ్దం రావడం లేదు. కెమెరా తెరుచుకోవడం లేదు. తెర మీది అక్షరాలు పెద్దవిగా, మసకగా ఉన్నాయి. దగ్గరలోని మరమ్మతు దుకాణంలో చూపిస్తే, "మదర్‌బోర్డు పోయింది, ఐదు వేలు అవుతుంది" అన్నారు.

"మోసపోయాం అక్కా" అన్నాడు తమ్ముడు.

వారంటీ ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆమె నిజంగా మోసపోయిందా? ఐదు వేలు ఇవ్వాలా? ల్యాప్‌టాప్‌ను వెనక్కి ఇచ్చెయ్యాలా? ఈ పాఠం పూర్తయ్యేసరికి ఈ ప్రశ్నలకు మీరే జవాబు చెప్పగలుగుతారు.

గమనిక: తెర మీద ఇంగ్లీషులో కనిపించే మాటలను ఈ పాఠంలో తెలుగు లిపిలో రాశాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు

• డ్రైవర్ అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
• మీ ల్యాప్‌టాప్ మోడల్‌ను, సీరియల్ నంబరును గుర్తించగలుగుతారు.
• తయారీ కంపెనీ ఇచ్చే డ్రైవర్లను సరైన వరుసలో ఎక్కించగలుగుతారు.
• డ్రైవర్ లేని భాగానికి, చెడిపోయిన భాగానికి తేడా కనిపెట్టగలుగుతారు.

14.1 డ్రైవర్ అంటే ఏమిటి?

డ్రైవర్ అనగానే మనకు ఆటో నడిపే మనిషి గుర్తుకు వస్తాడు. కంప్యూటర్లో డ్రైవర్ చేసే పని అది కాదు. అది దుబాసీ పని. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పే మనిషి.

మన అభ్యాసకురాలు ఇందిరాపురం వచ్చిన కొత్తలో ఆమెకు హిందీ రాదు. కూరలమ్మే అతనికి తెలుగు రాదు. ఆమె వంకాయలు అడిగితే అతను చూస్తూ నిలబడతాడు. అంతమాత్రాన అతను మూగవాడు కాడు. అతని దగ్గర వంకాయలు లేకా కాదు. మధ్యలో మాట చెప్పేవారు లేరు, అంతే. రెండు భాషలూ తెలిసిన పొరుగింటావిడ వచ్చి నిలబడితే బేరం నిమిషంలో తెగుతుంది.

విండోస్‌కూ, ల్యాప్‌టాప్‌లోని భాగాలకూ మధ్య ఇదే జరుగుతుంది. వైఫై కార్డు, సౌండు చిప్పు, కెమెరా, టచ్‌ప్యాడ్ ఒక్కొక్క కంపెనీ తయారు చేసినవి. ఒక్కొక్కదానికి ఆజ్ఞలు అందుకునే పద్ధతి వేరు. విండోస్ ఇచ్చే ఆజ్ఞను ఆ భాగానికి అర్థమయ్యేలా మార్చి అందించే చిన్న ప్రోగ్రామే డ్రైవర్.

విండోస్ తనతోపాటు కొందరు దుబాసీలను వెంట తెచ్చుకుంటుంది. అందుకే కొత్తగా ఎక్కించగానే కీబోర్డు పనిచేస్తుంది, తెర వెలుగుతుంది. అయితే వీరిలో కొందరికి అవసరానికి సరిపడేటంత భాషే వచ్చు. గ్రాఫిక్స్ చిప్పుకు సొంత డ్రైవర్ లేకపోతే విండోస్ 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అనే సాధారణ డ్రైవర్‌తో నెట్టుకొస్తుంది. తెర కనిపిస్తుంది గానీ అక్షరాలు పెద్దవిగా, మసకగా ఉండవచ్చు. మన ఉదాహరణలో జరిగింది ఇదే.

డిస్కును తుడిచినప్పుడు పాత విండోస్‌తోపాటు అందులోని డ్రైవర్లు కూడా పోతాయి. భాగాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి: డ్రైవర్ లేనంత మాత్రాన భాగం చెడిపోయినట్లు కాదు.

పాఠ్యగత ప్రశ్నలు 14.1

ఖాళీలు పూరించండి.
1. విండోస్‌కు, ల్యాప్‌టాప్‌లోని భాగానికి మధ్య దుబాసీలా పనిచేసే ప్రోగ్రామ్ ____.
2. క్లీన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు డ్రైవర్లు పోతాయి, ____ పోవు.

14.2 మీ ల్యాప్‌టాప్ ఎవరిది, ఏ మోడల్?

డ్రైవర్ దొరకాలంటే ముందు యంత్రం పేరు కచ్చితంగా తెలియాలి. 'డెల్ ల్యాప్‌టాప్', 'హెచ్‌పీ ల్యాప్‌టాప్' అంటే సరిపోదు. ఒకే కంపెనీ వందలాది మోడళ్లు తయారు చేస్తుంది. ఒకే మోడల్‌లో కూడా కొన్నింటికి ఒక కంపెనీ వైఫై కార్డు, మరికొన్నింటికి మరో కంపెనీ కార్డు వేసి ఉండవచ్చు. కాబట్టి మోడల్ పేరు కంటే సీరియల్ నంబరు నమ్మదగినది.

ల్యాప్‌టాప్‌ను ఆపి, తిరగేసి అడుగుభాగం చూడండి. అక్కడ ఒక చీటీ అంటించి ఉంటుంది, లేదా అక్షరాలు చెక్కి ఉంటాయి. డెల్ యంత్రాల మీద 'సర్వీస్ ట్యాగ్' అనే పేరుతో అక్షరాలు, అంకెలు కలిసి ఏడు ఉంటాయి. హెచ్‌పీ, లెనోవో యంత్రాల మీద సీరియల్ నంబరు ఉంటుంది. దానిని నోటుపుస్తకంలో రాసుకోండి. సున్నాకూ 'ఓ' అక్షరానికీ, ఒకటి అంకెకూ 'ఐ' అక్షరానికీ తికమక పడకండి.

పాత ల్యాప్‌టాప్‌లలో ఈ చీటీ చాలాసార్లు చిరిగిపోయి ఉంటుంది. అప్పుడు స్టార్ట్ దగ్గరి వెతికే పెట్టెలో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని టైపు చేయండి. తెరుచుకునే పట్టికలో 'సిస్టమ్ మోడల్' అన్న వరుస చూడండి. సీరియల్ నంబరును చాలా యంత్రాలలో బయోస్ తెర మీద కూడా చూడవచ్చు. అడుగున ఉన్న నంబరు, బయోస్‌లోని నంబరు ఒకటి కాకపోతే ఆ ల్యాప్‌టాప్ అడుగు మూత గానీ, మదర్‌బోర్డు గానీ మారిందని అర్థం. కొనేటప్పుడే ఈ రెండూ పోల్చి చూడడం మంచిది.

తర్వాత తయారీ కంపెనీ సొంత సైట్‌లో 'సపోర్ట్' విభాగం తెరిచి, ఆ నంబరు ఇవ్వండి. మీ యంత్రానికి సంబంధించిన డ్రైవర్ల జాబితా వస్తుంది. ఇవి ఉచితం. మీరు ఎక్కించిన విండోస్ ఏదో అక్కడ ఎంచుకోవాలి. విండోస్ 11 2021 అక్టోబరులో వచ్చింది. అంతకు చాలాముందు అమ్మిన మోడళ్లకు కంపెనీలు విండోస్ 10 డ్రైవర్లు మాత్రమే ఉంచి ఉండవచ్చు. 64 బిట్ విండోస్ 10 కోసం తయారైన డ్రైవర్లు చాలావరకు విండోస్ 11లో కూడా పనిచేస్తాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకోండి.

14.3 వైఫై లేకుండా వైఫై డ్రైవర్ ఎలా తెచ్చుకోవాలి?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వైఫై డ్రైవర్ ఇంటర్నెట్‌లో ఉంది. ఇంటర్నెట్ కావాలంటే వైఫై పనిచేయాలి. తాళంచెవి పెట్టెలోపల పెట్టి తాళం వేసినట్లుంది కదా! దీనికి మూడు దారులున్నాయి.

1. డిస్కును తుడవకముందే డ్రైవర్లను దింపుకొని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం. ఇది అన్నిటికంటే మంచి పద్ధతి.

2. స్నేహితుల కంప్యూటర్లో దింపుకొని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం. అన్నీ అవసరం లేదు. వైఫై డ్రైవర్ ఒక్కటి ఎక్కితే మిగిలినవి మీ ల్యాప్‌టాప్‌లోనే దింపుకోవచ్చు.

3. ఫోన్‌ను వాడుకోవడం. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలపండి. ఫోన్ సెట్టింగులలో హాట్‌స్పాట్ ఉన్నచోటే 'యూఎస్‌బీ టెదరింగ్' ఉంటుంది. దానిని ఆన్ చేయండి. ఫోన్‌లోని ఇంటర్నెట్ వైరు ద్వారా ల్యాప్‌టాప్‌కు అందుతుంది. దీనికి వైఫై డ్రైవర్ అక్కర్లేదు. కొన్ని వైర్లు ఛార్జింగ్‌కే పనికివస్తాయి. అటువంటి వైరుతో ఇది కుదరదు. గ్రాఫిక్స్ డ్రైవర్ వంటివి వందల మెగాబైట్లు ఉంటాయి కనుక, మీ రోజువారీ డేటా ఎంత మిగిలిందో ముందు చూసుకోండి.

14.4 ఏది ముందు, ఏది వెనుక?

ఇల్లు కట్టేటప్పుడు పునాది ముందు, గోడలు తర్వాత. డ్రైవర్లకూ ఇటువంటి వరుస ఉంది.

(అ) చిప్‌సెట్: మదర్‌బోర్డు మీది ముఖ్యమైన చిప్పుల డ్రైవర్ ఇది. భాగాలన్నీ వీటి ద్వారానే ప్రాసెసర్‌తో కలుస్తాయి. ఇంటెల్ యంత్రాలలో 'సీరియల్ ఐ-ఓ' అనే డ్రైవర్ విడిగా ఉంటే దానిని కూడా ఇప్పుడే ఎక్కించండి. ఇది లేకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ ఉన్నట్లే విండోస్‌కు తెలియదు. అప్పుడు తాత్కాలికంగా మౌస్ వాడండి.

(ఆ) గ్రాఫిక్స్: తెర స్పష్టంగా కనిపించడానికి.

(ఇ) వైఫై, బ్లూటూత్: రెండూ తరచు ఒకే కార్డు మీద ఉంటాయి. డ్రైవర్లు మాత్రం వేరు వేరు.

(ఈ) ఆడియో: శబ్దానికి, మైకుకు.

(ఉ) టచ్‌ప్యాడ్, కెమెరా, కార్డు రీడర్, వేలిముద్ర యంత్రం.

(ఊ) కీబోర్డు పైవరుసలోని ప్రత్యేక మీటలకు కంపెనీ ఇచ్చే చిన్న ప్రోగ్రాములు.

ఒక్కొక్క ఫైలును రెండుసార్లు నొక్కితే అదే ఎక్కుతుంది. 'రీస్టార్ట్' అడిగితే చేయండి. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించండి. ఎక్కించిన ప్రతి డ్రైవర్ పేరు, తేదీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఏదైనా తేడా వస్తే ఏది కారణమో అప్పుడు తెలుస్తుంది. చివరగా సెట్టింగులలో 'విండోస్ అప్‌డేట్' తెరిచి, 'ఆప్షనల్ అప్‌డేట్స్' కింద మిగిలిన డ్రైవర్లు ఉన్నాయేమో చూడండి.

బయోస్ అప్‌డేట్ కూడా జాబితాలో కనిపిస్తుంది. తొందరపడి దానిని ముట్టుకోకండి. అది డ్రైవర్ కాదు. యంత్రం మేలుకోవడానికే అవసరమైన మూల ప్రోగ్రామ్. అది మారుతున్నప్పుడు కరెంటు పోతే ల్యాప్‌టాప్ మళ్లీ వెలగకపోవచ్చు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా కొన్ని క్షణాలు పడుతుంది. పాత బ్యాటరీ ఆ కొన్ని క్షణాలు కూడా ఆగలేకపోవచ్చు. బ్యాటరీ బాగుండి, ఛార్జర్ పెట్టి ఉండి, నిజంగా అవసరమైతేనే ఆ పని చేయాలి.

పాఠ్యగత ప్రశ్నలు 14.2

సరైన వాటికి 'ఒప్పు', కాని వాటికి 'తప్పు' అని రాయండి.
1. చిప్‌సెట్ డ్రైవర్‌ను చివర ఎక్కించాలి.
2. యూఎస్‌బీ టెదరింగ్‌కు వైఫై డ్రైవర్ అవసరం లేదు.
3. బ్యాటరీ పనిచేయకపోయినా బయోస్ అప్‌డేట్ చేయవచ్చు.

14.5 డివైజ్ మేనేజర్‌ను చదవడం

డాక్టరు నాడి చూసినట్లు, ల్యాప్‌టాప్‌లోని భాగాల స్థితిని చూపేది డివైజ్ మేనేజర్. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి మీట నొక్కితే జాబితాలో దాని పేరు ఉంటుంది. తెరవగానే భాగాల పట్టిక కనిపిస్తుంది. ఏదైనా భాగం పక్కన పసుపు గుర్తు ఉంటే అక్కడ ఏదో లోపం ఉంది. 'అన్‌నోన్ డివైజ్' అని ఉంటే, ఎవరో వాకిట్లో ఉన్నారు గానీ ఎవరో తెలియదు అని విండోస్ చెబుతోందన్నమాట.

పసుపు గుర్తున్న పేరు మీద రెండుసార్లు నొక్కండి. అక్కడ ఒక కోడ్ నంబరు ఉంటుంది. ముఖ్యమైనవి ఇవి:

కోడ్ 28: డ్రైవర్ లేదు. ఎక్కించండి.
కోడ్ 22: భాగాన్ని ఎవరో ఆపి ఉంచారు. 'ఎనేబుల్' నొక్కండి.
కోడ్ 10: భాగం మొదలు కాలేదు. తరచు డ్రైవర్ సరిపడనిది కావచ్చు. కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌తో మళ్లీ ప్రయత్నించండి.
కోడ్ 43: భాగమే తన లోపాన్ని తెలియజేసింది. డ్రైవర్ మార్చి చూసినా ఇదే వస్తే భాగాన్ని అనుమానించాలి.

భాగం ఎవరు చేసినదో తెలియకపోతే? అదే పెట్టెలో 'డీటెయిల్స్' నొక్కి, జాబితాలో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. పొడవైన అక్షరాల వరుస ఒకటి కనిపిస్తుంది. చాలా భాగాలకు అందులో 'వి-ఇ-ఎన్' తర్వాత వచ్చే నాలుగు గుర్తులు తయారీదారుని సంఖ్య. 8086 అంటే ఇంటెల్. 1978లో ఆ కంపెనీ విడుదల చేసిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరు కూడా 8086. 10ఇసి అంటే రియల్‌టెక్. 14ఇ4 అంటే బ్రాడ్‌కామ్. 10డిఇ అంటే ఎన్‌విడియా. పాత ల్యాప్‌టాప్ కొన్నవారికి ఇది చాలా ఉపయోగం. పాత యజమానో, దుకాణదారో వైఫై కార్డు మార్చి ఉంటే, తయారీ కంపెనీ జాబితాలోని డ్రైవర్ దానికి సరిపోదు. అప్పుడు ఈ సంఖ్యే దారి చూపుతుంది.

14.6 డ్రైవర్ లోపమా, భాగం లోపమా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. కింది మూడు పరీక్షలు చేయండి. డబ్బు ఖర్చు లేదు.

మొదటి పరీక్ష: డివైజ్ మేనేజర్‌లో ఆ భాగం కోడ్ 28తో కనిపిస్తోందా? కనిపిస్తే భాగం ఉంది, పలుకుతోంది. డ్రైవర్ ఎక్కించండి. అసలే కనిపించకపోతే చిప్‌సెట్ డ్రైవర్ ఎక్కించి మళ్లీ చూడండి. బయోస్‌లో ఆ భాగాన్ని ఆపి ఉంచారేమో చూడండి. కొన్ని మోడళ్లలో కెమెరాకు పక్కన చిన్న మీట ఉంటుంది. దానినీ చూడండి.

రెండో పరీక్ష: యంత్రం తనను తాను పరీక్షించుకునే సదుపాయం. దీనికి విండోస్ అవసరం లేదు, కాబట్టి డ్రైవర్ల గొడవ ఉండదు. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే డెల్ అయితే ఎఫ్12 నొక్కి 'డయాగ్నస్టిక్స్' ఎంచుకోవాలి. హెచ్‌పీ అయితే ఎఫ్2 నొక్కాలి. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి ఎఫ్10. ముఖ్యంగా మెమరీ, డిస్కు స్థితి ఇందులో తెలుస్తుంది.

మూడో పరీక్ష: ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడపడం. డిస్కులో ఎక్కించకుండా 'ట్రై' ఎంచుకోవాలి. ఉబుంటు తన సొంత దుబాసీలను తెచ్చుకుంటుంది. అక్కడ వైఫై, శబ్దం, కెమెరా పనిచేస్తే ఆ భాగాలు బాగున్నట్లే. లోపం విండోస్ డ్రైవర్‌ది. అయితే తిరగేసి చెప్పకూడదు. అక్కడ పనిచేయనంత మాత్రాన భాగం పోయిందని తేల్చలేం. ఉబుంటు దగ్గర కూడా లేని డ్రైవర్లు కొన్ని ఉంటాయి.

మన అభ్యాసకురాలు ఈ పద్ధతిలోనే వెళ్లిందనుకుందాం. ఫోన్‌ను వైరుతో కలిపింది. చిప్‌సెట్ ఎక్కించింది, తర్వాత గ్రాఫిక్స్. తెర మీది అక్షరాలు తేటపడ్డాయి. వైఫై, ఆడియో రెండింటికీ కోడ్ 28 ఉంది. డ్రైవర్లు ఎక్కగానే రెండూ పలికాయి. కెమెరా మాత్రం డివైజ్ మేనేజర్‌లో ఎక్కడా లేదు. ఆ మోడల్‌కు కెమెరా మీట లేదు. బయోస్‌లో ఆన్‌లోనే ఉంది. ఉబుంటులోనూ కనిపించలేదు. అన్ని పరీక్షలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి, కెమెరా గానీ దాని వైరు గానీ లోపం అని ఇప్పుడు గట్టిగా చెప్పవచ్చు.

అంటే మదర్‌బోర్డు పోలేదు. ఐదు వేలు ఇవ్వనక్కర్లేదు. కెమెరా మాత్రం దుకాణదారు బాధ్యత. తొమ్మిదో రోజున ఆమె బిల్లు, నోటుపుస్తకం తీసుకొని నెహ్రూ ప్లేస్‌కు మళ్లీ వెళ్లింది. "పనిచేయడం లేదు" అని కాకుండా, "ఇవి చేశాను, ఇవి బాగున్నాయి, ఇది ఒక్కటి బాగాలేదు" అని చెప్పింది. ఇలా చెప్పే మనిషిని తోసిపుచ్చడం తేలిక కాదు.

14.7 కొన్ని జాగ్రత్తలు

• 'మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి' అని భయపెట్టి డబ్బు అడిగే ప్రోగ్రాములను ఎక్కించకండి. కొన్నింటివెంట వైరస్‌లు వస్తాయి. తయారీ కంపెనీ సైట్, చిప్పు తయారు చేసిన కంపెనీ సైట్, విండోస్ అప్‌డేట్: ఈ మూడు చాలు.
• బాగా పనిచేస్తున్న డ్రైవర్‌ను ఊరికే మార్చకండి. మార్చాక తేడా వస్తే, డివైజ్ మేనేజర్‌లో ఆ భాగం 'డ్రైవర్' పేజీలోని 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కితే పాతది తిరిగి వస్తుంది.
• దించిన డ్రైవర్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి, దాని మీద మోడల్ పేరు రాయండి.
• పాత ల్యాప్‌టాప్ నెహ్రూ ప్లేస్‌లో కొన్నా, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, వైఫై, శబ్దం, కెమెరా అక్కడే పరీక్షించండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

ఇందులో ఇంకొక మేలు కూడా ఉంది. పనికిరాదనుకున్న కంప్యూటర్లు చివరకు ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్లకు చేరతాయి. అక్కడ వాటిని విప్పి, ముక్కలు చేసి, లోహాలు తీస్తారు. ఆ పనిలో సీసం వంటి విషపదార్థాలు పనివాళ్ల ఒంట్లోకి చేరే ప్రమాదం ఉంది. డ్రైవర్ లేనందువల్ల ఒక మంచి యంత్రం అక్కడికి చేరకూడదు కదా!

మీరు నేర్చుకున్నవి

• డ్రైవర్ విండోస్‌కు, భాగానికి మధ్య దుబాసీ.
• సీరియల్ నంబరుతో తయారీ కంపెనీ సైట్‌లో సరైన డ్రైవర్లు ఉచితంగా దొరుకుతాయి.
• చిప్‌సెట్ ముందు, మిగిలినవి తర్వాత.
• కోడ్ 28 అంటే డ్రైవర్ లేదని అర్థం, భాగం పోయిందని కాదు.
• పరీక్షించి, రాసుకున్న తర్వాతే మరమ్మతుకు డబ్బు పెట్టాలి.

పాఠ్యాంత ప్రశ్నలు

1. డ్రైవర్‌ను దుబాసీతో ఎందుకు పోల్చారు? మీ ఊరి నుంచి మరో పోలిక చెప్పండి.
2. క్లీన్ ఇన్‌స్టాల్ తర్వాత వైఫై లేకపోతే డ్రైవర్ తెచ్చుకునే మూడు మార్గాలు రాయండి.
3. ఉబుంటులో శబ్దం వచ్చింది, విండోస్‌లో రాలేదు. దీనినిబట్టి ఏం తెలుస్తుంది?
4. ఒకరి ల్యాప్‌టాప్‌లో కెమెరాకు కోడ్ 28 ఉంది. మరమ్మతు దుకాణంలో కెమెరా మార్చాలన్నారు. మీరు ఏం సలహా ఇస్తారు?

చేసి చూడండి: మీ ఇంట్లోనో, మీ అధ్యయన కేంద్రంలోనో ఉన్న ఒక కంప్యూటర్లో డివైజ్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తులు ఎన్ని ఉన్నాయో, వాటి కోడ్ నంబర్లు ఏమిటో పట్టికగా రాసి, తర్వాతి తరగతికి తీసుకురండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

14.1: 1. డ్రైవర్ 2. భాగాలు
14.2: 1. తప్పు 2. ఒప్పు 3. తప్పు